ఎర్ర పోటు చలికాలం

ఆ ఏడు చలికాలం మొదలవబోతుండగా మా ద్వీపంలో ఉన్న ఒకే ఒక్క నర్సుకి బదిలీ అయింది. ఆమె పేరు ఇవోన్. ఆమె స్థానంలో రావలసిన మనిషి వసంతంలో వస్తుందని పట్నం నుంచి కబురొచ్చింది. అంటే మే నుంచి సెప్టెంబరు దాకా, మా చలికాలమంతా, మాకు మేమే దిక్కు. మా దక్షిణ చిలీ దీవుల్లో ఉత్తరపు గాలి లేచిందంటే రేవు మూసేస్తారు. ఒక్కోసారి వారమైనా తెరవరు. ఆ రోజుల్లో ఎవరికేమైనా అయితే కిటికీ దగ్గర కూర్చుని అలల్ని చూడటమే.

వెళ్ళబోయే ముందు ఇవోన్ బడి గదిలో మా అందరికీ పాఠాలు పెట్టింది. మొదట్లో గది నిండిపోయింది. కట్లు కట్టడం దాకా అందరూ నవ్వుతూ తుళ్ళుతూ నేర్చుకున్నారు. పంది కాళ్ళు తెచ్చి వాటిమీద కుట్లు వెయ్యమనేసరికి సగం మంది జారుకున్నారు. బంగాళదుంపలు తవ్వే పనులు మొదలయ్యాక నేనొక్కదాన్నే మిగిలాను. ధైర్యవంతురాలినని అనుకుంటారేమో, అదేం లేదు. నాకు చిన్నప్పట్నుంచీ భయం ఎక్కువ. ఎవరైనా గట్టిగా దగ్గితే చాలు, లేచి వాకిట్లోకి పోతాను. నేర్చుకుంటే ఆ భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఇదివరకు తెలియని జబ్బుల పేర్లు కూడా తోడయ్యాయి.

ఆరోగ్య కేంద్రం కప్పు కారుతుండటంతో మందుల పెట్టెలు మా ఇంటికి చేర్చారు. మా మావగారు ఎరాస్మో వలలు పెట్టుకునే గది ఖాళీ చేయించాను. సాయంత్రం ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏమే నెల్దా, ఇది ఇల్లా, ఆస్పత్రా? నా వలలేవీ?”

“వసారాలో పెట్టాను మావయ్యా. తడవ్వులెండి.”

“వలలు తడవకూడదా? మరి వాటితో ఏం పట్టమంటావ్, ఎలుకల్నా?”

పొయ్యి దగ్గరున్న మా అత్తగారు ఎదెల్మీరా, “అది మంచికే కదా, పోనీ...” అంటూ ఏదో అనబోయింది.

“నువ్వుండు” అన్నాడాయన.

అత్తయ్య ఆగిపోయి గరిటె తిప్పుకుంది. మా ఇంట్లో అది రోజూ జరిగేదే. ఆవిడ మాట మొదలుపెడుతుంది, ఆయన ‘నువ్వుండు’ అంటాడు, మిగతా మాట ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆవిడ ఒక్క మాట పూర్తిగా చెప్పడం విన్న గుర్తు లేదు.

ఆ నెలల్లో నేను చెయ్యని పని లేదు. పాత దుప్పట్లు చించి పట్టీలు చేశాను. వాటిని ఉడకబెట్టి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి రొట్టెలు కాల్చే పొయ్యిలో వేడి చేసి దాచాను. విరిగిన ఎముకకి ఆసరాగా కట్టడానికి మా ఆయన రోసమెల్ సన్నటి చెక్కబద్దలు చెక్కి నున్నగా గీకి ఇచ్చాడు. ఉప్పూ పంచదారా కొలిచి పొట్లాలు కట్టాను. ఉన్ని కూరి మనిషంత బొమ్మ కుట్టి, ఇవోన్ నాకు వదిలి వెళ్ళిన ఊపిరి సంచితో దానిమీద సాధన చేశాను. అదొక రబ్బరు బుడ్డి, దానికి ముక్కూ నోరూ మూసే తొడుగు ఉంటుంది. బుడ్డి నొక్కితే గాలి లోపలికి పోతుంది. “మరీ గట్టిగా పిసక్కు. ఛాతీ లేచిందా లేదా చూడు, వదిలెయ్. నువ్వు ఊపిరి తీసుకున్నప్పుడల్లా అవతలివాళ్ళకీ ఒకటివ్వు” అని చెప్పింది ఇవోన్.

ఆ బుడ్డిని చూసినప్పుడల్లా మావయ్యకి నవ్వే. “కోడలా, ఆ అకార్డియన్ మీద ఓ పాట వాయించవే” అనేవాడు.

మొదటి పరీక్ష కొట్టు ఓర్ఫాతో వచ్చింది. ఆవిడ కొట్టు మా ఇంటి పక్కనే. డబ్బా మూత తీస్తూ అరచెయ్యి నిలువునా కోసుకుని వచ్చింది. మత్తు సూది వేసి కుట్లు వేస్తుంటే నా పళ్ళు టకటక కొట్టుకున్నాయి.

“వణికేది నీ చెయ్యా, నాదా?” అంది ఓర్ఫా.

“నాదే.”

“అమ్మయ్య. నాదేమో అని హడలిపోయాను.”

కుట్లు వంకరగా పడ్డాయిగానీ చీము పట్టలేదు. ద్వీపమంతా చెయ్యి చూపించి తిరిగింది ఓర్ఫా. ఆ తర్వాత తలుపు చప్పుడైతే చాలు, ఈసారి ఎవరికేమైందోనని భయపడేదాన్ని.

జూలైలో బడి పంతులు రేవు దగ్గర ఒక ప్రకటన అంటించాడు. సముద్రంలో విషపు నాచు పెరిగే ఎర్ర పోటు వచ్చిందట, ఆ విషం చేరుతుంది కాబట్టి రాళ్ళకి పట్టిన ఆల్చిప్పలు ఎవరూ తినకూడదట. ఆ కాగితం చూడగానే నాకు ఇవోన్ మాటలు గుర్తొచ్చాయి. “అన్నిటికన్నా నాకు భయం అదే నెల్దా. ఆ విషం కంటికి కనపడదు, రుచి ఉండదు, ఉడికించినా చావదు. దానికి మందు లేదు. ఒళ్ళు కట్టె అయిపోతుంది, చివరికి ఊపిరి కూడా ఆగిపోతుంది. కానీ గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, తెలివీ ఉంటుంది. మనం ఊపిరి అందిస్తూ ఉంటే ఒక రోజుకో ఎప్పటికో విషం దానంతటదే దిగిపోతుంది. వాళ్ళు చచ్చినట్టే కనపడతారు. అన్నీ వింటుంటారు.”

మావయ్యకి చెప్పాను, అత్తయ్యకి చెప్పాను, రోసమెల్‌కి మరీ మరీ చెప్పాను. మావయ్య పొగాకు నములుతూ కిటికీలోంచి సముద్రాన్ని చూశాడు. “ఎర్రగా ఉందా? బూడిద రంగులో ఉంది, మీ అత్త మొహంలా” అన్నాడు.

అప్పటికి గాలి మొదలై రేవు మూసి ఉంది. ఒక ఉదయం నేను పట్టీలు మడతపెడుతుంటే, చేపలు ఆరబెట్టే పొగ గుడిసెలోంచి వెల్లుల్లి వాసన వచ్చింది. ఏదో అనుమానమొచ్చి వానలోనే పరిగెత్తాను. తండ్రీ కొడుకులు నిప్పు పక్కన కూర్చుని ఉన్నారు. మావయ్య కాళ్ళ దగ్గర ఖాళీ ఆల్చిప్పల కుప్ప.

“మావయ్యా, ఏంటవి?”

“గవ్వలు. దండ గుచ్చి మెళ్ళో వేసుకుందామని.”

“తినొద్దని చెప్పానా లేదా?”

“నిమ్మకాయ పిండాను, వెల్లుల్లి దంచి వేశాను. ఏ విషమైనా పారిపోవాల్సిందే. మా తాతా తిన్నాడు, మా నాన్నా తిన్నాడు, నేనూ తింటున్నా. నిన్నగాక మొన్న మందుల పెట్టె ముట్టుకున్న పిల్ల చెప్తే మానాలా?”

రోసమెల్ తల ఎత్తలేదు. అప్పుడు నాకది తట్టలేదు.

ఎక్కువసేపు పట్టలేదు. మావయ్య ఇంట్లోకి వచ్చి బల్ల ముందు కూర్చుని, మాతే ఆకు కషాయం ఒక గుక్క తాగి, పెదాలు తడుముకున్నాడు.

“ఏంటే ఇది, మూతి తిమ్మిరెక్కింది. ఇందులో ఏం కలిపావే?” అని అత్తయ్యని అడిగాడు.

తర్వాత వేళ్ళు. తర్వాత, పడవలో కూర్చున్నట్టు నేల ఊగుతోందన్నాడు. నవ్వుతూనే అన్నాడుగానీ నవ్వు మూతికి ఒకవైపే వచ్చింది. లేవబోయి బల్ల పట్టుకున్నాడు. వాంతి అయింది. నేనూ రోసమెల్ కలిసి ఆయన్ని పొయ్యి పక్కన పరుపు మీద పక్కకి తిప్పి పడుకోబెట్టాం. అత్తయ్య నీళ్ళు తెచ్చింది.

“వద్దత్తయ్యా, మింగలేరు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి.”

కంచె దగ్గరకి పోయి ఓర్ఫాని కేకేశాను. ఆవిడ పంతులు ఇంటికి పరిగెత్తింది, అక్కడ రేడియో ఉంది. తిరిగి వచ్చేసరికి ఆవిడ జుట్టంతా మొహానికి అతుక్కుపోయి ఉంది.

“గాలి తగ్గేదాకా ఏ పడవా రాదట. ఊపిరి ఆగితే అందిస్తూ ఉండమన్నారు. అంతే చెప్పారు నెల్దా. ఇంకేమన్నా చెప్పండని పంతులు అరుస్తూనే ఉన్నాడు, గరగర తప్ప ఏం వినపడలేదు.” మావయ్య వైపు ఒకసారి చూసి, “ఇంకెవరు తిన్నారో ఇల్లిల్లూ తిరిగి చూసొస్తా” అని వెళ్ళిపోయింది.

అప్పుడు రోసమెల్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“నెల్దా... నేనూ తిన్నాను.”

“ఎన్ని?”

“నాన్న పెడితే కాదనలేకపోయా. నాలుగో ఐదో. పెదాలు చురచురమంటున్నాయి.”

ఇంట్లో ఉన్నది ఒక్కటే ఊపిరి సంచి. ఇద్దరికీ ఊపిరి ఆగితే ఏం చెయ్యాలో ఇవోన్ చెప్పలేదు. అడగాలని నాకూ తట్టలేదు. రెండోవాళ్ళకి నోటితో ఊదాలేమో. ఎంతసేపు ఊదగలను? రోసమెల్‌ని బెంచీ మీద కూర్చోబెట్టి, “నా వేళ్ళు నొక్కు. గట్టిగా” అన్నాను. నొక్కాడు. పట్టు ఉంది. “తగ్గినట్టనిపిస్తే వెంటనే చెప్పు, దాచకు” అన్నాను. అప్పటిదాకా ఆయన మీద కోపం రాలేదు. అప్పుడొచ్చింది, కానీ తిట్టడానికి తీరికేదీ?

మావయ్య మాట ముద్దముద్దగా మారి, కాసేపటికి ఆగిపోయింది. ఛాతీ చిన్నగా, ఇంకా చిన్నగా లేచి, ఇక లేవలేదు. మెడ మీద వేలు పెడితే నాడి నిలకడగా ఉంది. తల వెనక్కి వంచి, దవడ ఎత్తి, తొడుగు పెట్టి నొక్కాను. బుస్సుమని గాలంతా పక్కల్లోంచి పోయింది. గడ్డం! ఛాతీ దాకా వేలాడే ఆయన గడ్డంలోంచి పోతోంది. బొమ్మకి గడ్డం పెట్టాలని నాకెప్పుడూ తోచలేదు.

“అత్తయ్యా, గొర్రెల కత్తెర!”

ఆవిడ కత్తెర తెచ్చి, నన్ను అడగకుండానే తనే ఆయన తల పక్కన మోకరిల్లింది. ఆయన చిన్నవయసు నుంచీ ఎవర్నీ ముట్టుకోనివ్వని గడ్డం. నేను మధ్యమధ్య ఊపిరిస్తుంటే ఆవిడ గొర్రెకి ఉన్ని తీసినట్టు గుప్పిళ్ళతో పట్టి చకచకా కత్తిరించింది. మిగిలిన మొదళ్ళ మీద పందికొవ్వు దట్టంగా పూశాను. ఈసారి తొడుగు అతుక్కుంది. ఛాతీ లేచింది.

ఇక అదే పని. నేను ఊపిరి తీసుకోవడం, ఆయనకి ఒకటివ్వడం. ఆయన కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. ఆరిపోకుండా కాచి చల్లార్చిన నీళ్ళ చుక్కలు వేసి రెప్పలు మూశాను. బయట రేకుల్ని గాలి పీకుతోంది. నొక్కి నొక్కి నా కుడిచెయ్యి మొద్దుబారింది. రోసమెల్ తన వంతు పుచ్చుకున్నాడుగానీ, ఆయన నొక్కుతుంటే నా చూపు మావయ్య ఛాతీ మీద కాక ఆయన వేళ్ళ మీదే ఉంది. “తిమ్మిరి మోచేతి దాకా వచ్చింది” అన్నాడు చివరికి. వెంటనే మాన్పించాను.

“నేను చేస్తా, ఇటివ్వు” అంది అత్తయ్య.

చూపించాను. ఒకసారి చూసి పట్టేసింది. ఆవిడ చేతులు మొరటువే, కానీ పాలు పితికిన చేతులు, ఎంత నొక్కాలో వాటికి తెలుసు.

“మాట్లాడుతూ ఉండండత్తయ్యా. మావయ్యకి వినిపిస్తుంది. మన గొంతు వింటుంటే భయపడకుండా ఉంటారు.”

“వినిపిస్తుందా?”

“అన్నీ వినిపిస్తాయి.”

“మరి తను మాట్లాడలేడా?”

“లేరు.”

అత్తయ్య ఆయన మొహం మీదికి వంగి నొక్కింది. నేను రోసమెల్ పక్కన బెంచీ మీద కూలబడి ఆయన వేళ్ళు పట్టుకున్నాను.

“ఎరాస్మో, నేను” అంది ఆవిడ. “సూపు నోట్లో పెట్టకముందే ఉప్పు లేదంటావ్. ఒక్కసారి రుచి చూసి అను.”

నొక్కింది. వదిలింది.

“నా ఎర్రావుని అమ్మేశావ్. దూడప్పట్నుంచీ నేను పెంచిన ఆవు. పొద్దున్నే పాలకి పోతే కట్టుగొయ్య ఒక్కటే ఉంది. ‘ఏదీ’ అని అడిగితే, ‘నువ్వుండు’ అన్నావ్.”

గొంతులో కోపం లేదు. దుంపల చెక్కు తీస్తూ మాట్లాడే మనిషిలా ఉంది. ఒక్కో ఊపిరికి ఒక్కో మాట.

“మా అమ్మ పోతే నన్ను పంపలేదు. దుంపలు తవ్వాలన్నావ్. ఆ ఏడు వానకి దుంపలు నేల్లోనే కుళ్ళాయి. నేనున్నా కుళ్ళాయి, పోయినా కుళ్ళేవి. అమ్మ మొహం మాత్రం చూడలేకపోయా.”

రోసమెల్ నా చెయ్యి విడిపించుకుని లేవబోయాడు. “అమ్మా, ఇప్పుడా ఇవన్నీ...”

“నువ్వుండు” అంది అత్తయ్య.

రోసమెల్ కూర్చుండిపోయాడు.

“మా చెల్లెలు ఉబెర్లిందా కియోన్ ఊరి నుంచి ఎన్నాళ్ళుగానో రమ్మంటోంది. మాకిద్దరికీ పళ్ళూడిపోయాయి, ఇంకెప్పుడు కబుర్లు చెప్పుకుంటాం? ఈ గాలి తగ్గి, నువ్వు లేచి తిరిగాక వెళ్తున్నా. లేకపోయినా వెళ్తా. లేస్తేనే బాగుంటుంది ఎరాస్మో. పోయావంటే నల్లబట్టలు వేసుకుని వెళ్ళాలి. నలుపు నాకు నచ్చదు.”

అక్కడ ఆవిడ చెయ్యి ఆగింది.

సంచి ఉబ్బి అలాగే ఉంది. ఆయన ఛాతీ దిగి, అలాగే ఉంది. నేనొక ఊపిరి తీసుకున్నాను. ఆయనకి అందలేదు. ఇంకొకటి తీసుకున్నాను.

“అత్తయ్యా!”

ఆవిడ నన్ను చూడలేదు. ఆయన కంటి కొసనుంచి చెవి వైపు ఒక చుక్క జారుతోంది. అది నేను వేసిన నీళ్ళో, ఇంకేమిటో. ఆవిడ బొటనవేలితో దాన్ని తుడిచి, తొడుగు సర్దుకుని మళ్ళీ నొక్కింది. ఛాతీ లేచింది.

తర్వాత ఇంకేం మాట్లాడలేదు. చెప్పాల్సింది అయిపోయినట్టుంది.

చీకటి పడేవేళకి ఓర్ఫా తిరిగొచ్చింది. మరే ఇంట్లోనూ ఎవరూ తినలేదట. ఆవిడ కూడా చెయ్యి వేసింది. రోసమెల్ తిమ్మిరి మోచెయ్యి దాటలేదు. ఆ రాత్రి నాకు పెద్దగా గుర్తులేదు. వంతులు మారుతున్నాం, పొయ్యిలో కట్టెలు వేస్తున్నాం, అంతే. తెల్లవారాక నేను సంచి నొక్కబోతుంటే అది నా చేతికి ఎదురుతిరిగింది. ఎవరో లోపల్నుంచి తోసినట్టు. భయపడి వదిలేశాను. ఆయన ఛాతీ తనంతట తనే, చాలా చిన్నగా, లేచింది. నాకు ఏడుపొచ్చింది. అత్తయ్య లేచి పొయ్యిమీద నీళ్ళు పెట్టింది.

గాలి తగ్గాక లాంచీ వచ్చి ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. కొన్నాళ్ళకి కర్ర పట్టుకుని తిరిగొచ్చాడు. గడ్డం లేని ఆ మొహం మాకెవరికీ అలవాటు కాలేదు. ఆ వెంట్రుకల వెనక అంత చిన్న చుబుకం ఉందని ఎవరం ఊహించలేదు. ఏ క్షణాన ఇల్లెగిరిపోయేలా అరుస్తాడోనని నేను కాచుకుని ఉన్నాను. అత్తయ్య అన్నవన్నీ విన్నాడా, గుర్తున్నాయా అని అడిగే ధైర్యం నాకు లేదు. రోసమెల్ అసలే అడగడు. సాయంత్రాలు ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూడకుండా తినేవాళ్ళం. అత్తయ్య ఒక్కతే మామూలుగా ఉండేది.

ఆగస్టు చివర్లో ఒకరోజు అత్తయ్య మంచం కిందనుంచి చేతిసంచి తీసి బట్టలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. మావయ్య గుమ్మంలో నిలబడి చూశాడు. నేను గిన్నెలు తోమడం ఆపేశాను. ఆయన నోరు తెరిచాడు. తర్వాత మూసుకుని వసారాలోకి పోయి, ఆవిడ వాన చెప్పులు తెచ్చి సంచి పక్కన పెట్టాడు.

రేవు దాకా ఆ సంచి ఆయనే మోశాడు. ఒక చేత కర్ర, ఒక చేత సంచి, దారంతా తూలుతూనే ఉన్నాడు. రోసమెల్ అందుకోబోతే ఇవ్వలేదు. లాంచీ ఎక్కాక అత్తయ్య వెనక్కి తిరిగింది.

“ఎప్పుడొస్తావ్?” అన్నాడు మావయ్య.

“తెలీదు.”

ఆయన తలూపాడు. లాంచీ మలుపు తిరిగేదాకా నిలబడి, నాతో, “సూపు ఎలా చేస్తారే?” అన్నాడు.

సెప్టెంబరులో కొత్త నర్సు వచ్చింది. మందుల పెట్టెలు వెళ్ళిపోయాయి. వలలు మళ్ళీ గదిలోకి చేరాయి. అయినా జనం మా తలుపే తడుతున్నారు. నాకు ఇప్పటికీ ప్రతిసారీ ఆ భయం వేస్తుంది. ఇక అది పోదని తెలిసిపోయింది.

ఆ వసంతంలోనే ద్వీపానికి టెలిఫోను వచ్చింది. ఓర్ఫా కొట్టులో గోడకి బిగించారు. మొదటి ఆదివారం, కొట్టులో కాలుపెట్టే చోటు లేనంత మంది ఉండగా, మావయ్య కర్ర ఠకఠకలాడించుకుంటూ వచ్చాడు. టోపీ తీసి గల్లా మీద పెట్టాడు. కియోన్‌లో ఉబెర్లిందా పక్కింటివాళ్ళ నంబరు నాచేత తిప్పించుకుని, వాళ్ళు అత్తయ్యని పిలుచుకొచ్చేదాకా రిసీవరు చెవికి ఆనించుకుని కాచుకున్నాడు.

“ఎదెల్మీరా, నేను” అన్నాడు.

తర్వాత ఏమీ అనలేదు. గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. వెనక వరసలో ఇద్దరు గుసగుసలాడారు. ఎవరో దగ్గారు. ఎంతసేపైనా ఆయన పెదవి కదపకపోయేసరికి ఓర్ఫా గల్లా మీంచి ముందుకి వంగింది.

“ఏం ఎరాస్మో గారూ, లైను తెగిపోయిందా?”

ఆయన రిసీవరు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

“లేదు” అన్నాడు మెల్లిగా. “ఆవిడ మాట్లాడుతోంది.”